నడుం వాల్చడం

మొదటిరోజు టీచరుగారు నా కుడిచేతిని మణికట్టు దగ్గర పట్టుకుని జానెడు ఎత్తు లేపారు. నేను చాప మీద వెల్లకిలా పడుకుని ఉన్నాను. మోకాళ్ల కింద గుండ్రంగా చుట్టిన బొంత, తల కింద మడతపెట్టిన దుప్పటి, కళ్ల మీద మెత్తటి నూలుగుడ్డ. "చెయ్యి నాకు వదిలెయ్యమ్మా" అన్నారు. వదిలేశాననే అనుకున్నాను. ఆవిడ ఒక్కో వేలే సడలిస్తూ తన చెయ్యి తీసేసుకున్నారు. నా చెయ్యి కింద పడలేదు. ఎవరూ పట్టుకోకుండానే గాలిలో అలాగే నిలబడి ఉంది. "ఇప్పుడు దీన్ని ఎవరు మోస్తున్నారు?" అని నెమ్మదిగా అడిగారు. అప్పుడు తెలిసింది నాకు. గుండెల్లో ఏదో కలుక్కుమంది. నా సొంత చేతిని ఇంకొకరి అరచేతిలో పెట్టి వదిలెయ్యడం నాకు చేతకాలేదు.

ఆ గదికి నేను భుజం నొప్పితో వెళ్లాను. నిద్ర కూడా సరిగ్గా పట్టేది కాదు. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేది. ఇక పాలవాడు వచ్చేదాకా చెయ్యాల్సిన పనులు ఒకదాని వెనక ఒకటి కళ్లముందు వరసకట్టేవి. బెజవాడలో ఒక పాత మేడ మీద ఉంది ఆ గది. టీచరుగారికి డెబ్బై దాటాయి. వయసులో ఉండగా పుణెలో నేర్చుకుని వచ్చారట. ఆసనాలు వేయిస్తారు, చెమట పడుతుంది, రాత్రికి ఒళ్లెరక్కుండా నిద్రపడుతుంది అనుకుంటూ మెట్లెక్కాను. ఆవిడేమో గంటంబావు సేపట్లో నన్ను నాలుగే నాలుగు రకాలుగా పడుకోబెట్టారు. పెద్ద దిండు మీద వీపు వాల్చి, పాదాలు రెండూ కలిపి, మోకాళ్లను పక్కలకు వదిలెయ్యడం ఒకటి. దాన్ని సుప్త బద్ధకోణాసనం అంటారు. వదిలిన మోకాళ్లు కూడా వేలాడకూడదని ఒక్కోదాని కింద ఒక్కో దుప్పటి పెట్టారు. దిండుని కావలించుకుని బోర్లా ఒదిగిపోవడం రెండోది. గోడకు కాళ్లు ఆనించి పడుకునే విపరీత కరణి మూడోది. చివర శవాసనం. అంతే. ఆ రోజుకి నేను చేసింది ఏమీ లేదు. ఇంటికి వచ్చి, ఎప్పుడూ లేనిది, సాయంత్రం ఏడింటికే కుర్చీలో కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే నిద్రపోయాను.

ఈ పద్ధతిని ఇప్పుడు అందరూ రెస్టరేటివ్ యోగా అంటున్నారు. టీచరుగారు మాత్రం ఆ మాట వాడరు. "కాసేపు నడుం వాలుద్దాం రండి" అంటారు. నాకు ఆ మాటే నచ్చింది. పాతికేళ్లుగా తెలుగు చెబుతున్న దాన్ని, ఆ మాటలో ఇంత ఉందని ఎప్పుడూ గమనించలేదు. పిట్ట కొమ్మ మీద వాలుతుంది. పొద్దు వాలుతుంది. రెప్ప వాలుతుంది. గోడకు నిలబెట్టిన నులక మంచాన్ని రాత్రి కాగానే వాకిట్లో వాలుస్తాం, దాని మీద నడుం వాలుస్తాం. ఎక్కడైనా సరే, వాలాలంటే కింద ఏదో ఒకటి ఉండాలి. కొమ్మ ఉందని నమ్మకపోతే పిట్ట రెక్కలు ముడవదు. నేను పడుకుని కూడా రెక్కలు ముడవనిదాన్ని. కింద నేల ఉంది, చాప ఉంది, దుప్పటి ఉంది. అయినా నా బరువంతా నేనే మోసుకుంటూ పడుకున్నాను. పక్క మీద కూడా అంతేనని, ఏళ్లతరబడి అలాగే పడుకుంటున్నానని ఆ చెయ్యి చెప్పింది.

ఇది ఎక్కణ్నుంచి వచ్చిందా అని ఆలోచిస్తే మా అమ్మ గుర్తొచ్చింది.

అమ్మ పగలు పడుకోవడం నా చిన్నతనంలో మూడే మూడుసార్లు చూశాను. తమ్ముడు పుట్టినప్పుడు ఒకసారి, టైఫాయిడ్ వచ్చినప్పుడు ఒకసారి, మా తాతయ్య పోయిన మర్నాడు ఒకసారి. మూడుసార్లూ ఇంట్లో ఏదో జరిగింది కాబట్టే అమ్మ పడుకుంది. నాన్నగారికి మాత్రం భోజనం అవగానే వసారాలో పడక కుర్చీ ఉండేది. ఆయన కునుకు తీస్తున్నంతసేపూ మేం గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్లం. అదే వేళకు అమ్మ చేట ముందేసుకుని బియ్యంలో రాళ్లు ఏరేది, చిరిగినవి కుట్టేది, ఎవరైనా వస్తే మజ్జిగ ఇచ్చేది. నాన్నగారు చెడ్డవారు కారు. అమ్మని "నువ్వూ పడుకో" అనకూడదని ఆయన ఎప్పుడూ అనుకోలేదు. ఆ మాట ఎవరికీ తట్టలేదు, అంతే. ఆడమనిషి పట్టపగలు పక్కమీద కనిపిస్తే వచ్చినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఏం, ఒంట్లో బాలేదా?" బాలేదని చెప్పగలిగితేనే పడుకోవచ్చు. బాగుంటే లేవాలి.

తమ్ముడు పుట్టేనాటికి నాకు తొమ్మిదేళ్లు. బాలింతరాలిగా అమ్మ పడుకున్న ఆ గది నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. కిటికీ తలుపులు మూసి ఉండేవి. నులక మంచం మీద మెత్తగా ఉతికిన పాతచీరల బొంత. అమ్మ తలకి గుడ్డ, చెవుల్లో దూది, పొట్ట చుట్టూ బిగించిన నడికట్టు. మంచం కింద కుంపట్లో సాంబ్రాణి పొగ. గుమ్మం దగ్గర అమ్మమ్మ కాపలా. "బాలింతరాలమ్మా, లేపకండి" అని ఎంతటివాళ్లనైనా వెనక్కి పంపేది. వెచ్చదనం, చీకటి, నిశ్శబ్దం, ఒంటికి ఆసరా, గుమ్మం దగ్గర ఒక మనిషి. నలభై ఏళ్ల తర్వాత టీచరుగారు నాకు ఫ్యాను తగ్గించి, కర్టెన్లు లాగి, దుప్పటి కప్పి, కళ్లమీద గుడ్డ వేసినప్పుడు ఆ పురిటిగది వాసన వచ్చింది నాకు. మన ఇళ్లలో ఈ విద్య లేకపోలేదు. అమ్మమ్మలకి అణువణువూ తెలుసు. బిడ్డను కన్నందుకు కొన్నాళ్లు ఇచ్చేవారు, ఆ తర్వాత తీసేసుకునేవారు.

ఈ దిండ్లూ దుప్పట్లూ కుర్చీలూ యోగంలోకి ఎలా వచ్చాయో టీచరుగారు ఒకరోజు చెప్పారు. ఆ కథంతా ఒక జబ్బు పిల్లవాడితో మొదలవుతుంది. బి.కె.ఎస్. అయ్యంగార్ 1918లో కర్ణాటకలోని బెల్లూరులో పుట్టారు. ఇన్‌ఫ్లుయెంజా ఊళ్లను ఊడ్చేస్తున్న ఏడాది అది. బక్క ప్రాణం. చిన్నప్పుడే మలేరియా, టైఫాయిడ్, క్షయ అన్నీ పట్టుకున్నాయి. మైసూరులో బావగారైన కృష్ణమాచార్య దగ్గర యోగం నేర్చుకుని, 1937లో పుణె వచ్చి అక్కడే స్థిరపడ్డారు. తన దగ్గరికి వచ్చే ముసలివాళ్లకీ, జబ్బుమనుషులకీ, ఆసనంలో నిమిషం కూడా నిలవలేనివాళ్లకీ ఏం చెయ్యాలా అని ఆలోచించి ఇటుకలు తెచ్చారు, తాళ్లు తెచ్చారు, కుర్చీలు, బెల్టులు, గుండ్రటి దిండ్లు తెచ్చారు. ఒంట్లో లేని బలాన్ని ఆ వస్తువుల దగ్గర అరువు తీసుకోమన్నారు. నీరసం అంటే ఏమిటో ఎముకలతో తెలిసిన మనిషికి గనక ఆ ఆలోచన వచ్చిందని నా నమ్మకం. 1966లో వచ్చిన ఆయన పుస్తకం 'లైట్ ఆన్ యోగా'లో ఒళ్లు విల్లులా వంచే ఆసనాలు ఎన్నో ఉన్నాయి. వాటన్నిటి తర్వాత, చిట్టచివర ఉన్నది శవాసనం. సాధించడానికి అతి కష్టమైనవాటిలో అది ఒకటని ఆయనే అంటారు.

ఆయన పేరు సముద్రాలు దాటడానికి కారణం కూడా ఒక కునుకే. 1952లో ప్రసిద్ధ వయొలిన్ విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ బొంబాయి వచ్చారు. విపరీతమైన అలసట. అయ్యంగార్‌ని చూడటానికి ఒప్పుకున్నారు గానీ అయిదు నిమిషాలకు మించి ఇవ్వలేనన్నారు. అయ్యంగార్ ఆయన్ని ఏ ఆసనమూ వెయ్యమనలేదు. పడుకోమన్నారు. శవాసనంలో పడుకోబెట్టి, వేళ్లతో కళ్లూ చెవులూ మృదువుగా మూశారు. మెనూహిన్ నిద్రపోయారు. గంటసేపు. లేచాక ఇక వదల్లేదు. ఆయన పిలుపు మీదే అయ్యంగార్ యూరప్ వెళ్లారు. ఆ తర్వాత పుణె వచ్చి ఆయన దగ్గర నేర్చుకున్న అమెరికన్ శిష్యుల్లో జూడిత్ హాన్సన్ లాసటర్ ఒకరు. విశ్రాంతి కోసమే చేసే ఆసనాలను ఒకచోట చేర్చి 1995లో 'రిలాక్స్ అండ్ రెన్యూ' అనే పుస్తకం రాశారావిడ. రెస్టరేటివ్ యోగా అనే పేరు ఇంతగా ప్రచారంలోకి రావడంలో ఆ పుస్తకం పాత్ర చాలా ఉంది.

శవాసనం మాత్రం చాలా పాతది. పదిహేనో శతాబ్దపు హఠయోగ ప్రదీపిక మొదటి అధ్యాయంలోనే ఉంది. నేల మీద శవంలా వెల్లకిలా పడుకోవడం అని చెప్పి, దాని ఫలం రెండే మాటల్లో చెబుతాడు స్వాత్మారాముడు. ఒంటి బడలిక తీరుతుంది, మనసుకు విశ్రాంతి దొరుకుతుంది. ఇంకా వెనక్కి వెళితే పతంజలి. ఆసనం గురించి ఆయన చెప్పింది మూడు సూత్రాలే. రెండోదానిలో 'ప్రయత్న శైథిల్యం' అన్న మాట ఉంది. ప్రయత్నం సడలడం. దాని పక్కనే 'అనంతం' అన్న మాట ఉంది. మనసు అనంతంలో నిలవాలి అని. అనంతమంటే ఆకాశంలా అంతులేనిదని కొందరు, ఆదిశేషుడని కొందరు వ్యాఖ్యానం చెప్పారు. పతంజలే ఆదిశేషుడి అవతారమని ఒక నమ్మకం కూడా ఉంది. ఆ సంగతి విన్న రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. ఈసారి సంతోషంతో. ఆదిశేషుడంటే ఎవరు? విష్ణుమూర్తి పాన్పు. యోగం నేర్పినవాడు పాన్పు! ఇంకొకరి బరువు మోస్తూ, వాళ్లని పడుకోనిచ్చే వాడు. ఎవరైనా వాలడానికి తన ఒంటిని చుట్టలు చుట్టి మెత్తగా పరిచినవాడు. మా టీచరుగారు నా మోకాళ్ల కింద బొంత సర్దుతున్నప్పుడల్లా నాకు ఆదిశేషుడే గుర్తొస్తాడు.

మర్నాడు ఆదివారం ఉండవల్లి వెళ్లాను. ప్రకాశం బ్యారేజీ దాటితే ఎంతోదూరం లేదు. చిన్నప్పుడు స్కూలువాళ్లు వనభోజనాలకు తీసుకెళితే ఉడతల్లా ఎక్కి దిగేశాం గానీ చూసిందేమీ లేదు. కొండను తొలిచి ఒకదానిమీద ఒకటిగా కట్టిన అంతస్తులవి. కాదు, కట్టింది కాదు, తొలిచిందే అంతా. పైన మూడో అంతస్తులో అనంత పద్మనాభస్వామి పడుకుని ఉంటాడు. పదిహేను అడుగులకు పైగా ఉంటుంది విగ్రహం. బయట ఎండ రాయిని మండిస్తుంటే లోపల చల్లటి చీకటి. పూజారి దీపం ఎత్తి తల నుంచి పాదాల దాకా మెల్లగా నడిపించారు. ఆ వెలుతురులో నేను చూసింది ఒకటే. స్వామీ, స్వామి కింది శేషుడూ వేర్వేరు రాళ్లు కారు. ఒకే కొండ. ఎక్కడ పాన్పు అయిపోయి ఎక్కడ ఒళ్లు మొదలైందో శిల్పి ఉలి గీసిన గీత చెబుతుంది, అంతే. ఆ గీత చెరిపేస్తే మిగిలేది కొండే. అక్కడ నిలబడి, కుడిచెయ్యి ఇంకొకరి అరచేతిలో పెట్టి వదలడమంటే ఏమిటో కొంచెం అర్థమైంది.

పడుకున్న దేవుడు మనకి ఇంకొకరు కూడా ఉన్నారు. తిరుపతి జిల్లాలో, తమిళనాడు సరిహద్దున, అరణియార్ ఒడ్డున సురుటుపల్లి అనే ఊరుంది. చెన్నై వెళ్తూ నాగలాపురం దారిలో ఒకసారి ఆగాం. శివాలయం అంటే లింగం ఉంటుందనుకుంటాం కదా. అక్కడ గర్భాలయంలో శివుడు వెల్లకిలా పడుకుని ఉంటాడు, పార్వతమ్మ ఒడిలో తల పెట్టుకుని. పాలకడలి చిలికినప్పుడు పుట్టిన హాలాహలాన్ని మింగి, సొమ్మసిల్లి, ఇక్కడ మేను వాల్చాడని స్థలపురాణం. చుట్టూ దేవతలూ ఋషులూ నిలబడి ఉంటారు. విషం మింగిన ఘట్టాన్ని పోతన ఎనిమిదో స్కంధంలో ఎంత గొప్పగా చెప్పాడో తెలుగువాళ్లందరికీ తెలుసు. క్లాసులో నేను ఎన్నోసార్లు పాఠం చెప్పాను. మింగాక ఏమయ్యాడు అన్న ప్రశ్న ఏ పిల్లా అడగలేదు, నాకూ తట్టలేదు. సురుటుపల్లివాళ్లకి తట్టింది. లోకాలన్నిటి విషం గొంతులో పెట్టుకున్నవాడు కూడా ఆ తర్వాత కాసేపు పడుకోవాలి, తల కింద ఒక ఒడి ఉండాలి అనుకున్నారు. గుడి కట్టుకున్నారు. ఆ గుళ్లో నేను ఏ కోరికా కోరలేదు. ఆవిడ ఒడినీ ఆయన మూసిన రెప్పలనీ చూస్తూ నిలబడిపోయాను. మావారు వచ్చి భుజం తడితే గానీ కదల్లేదు.

విశ్రాంతి సుఖంగా ఉంటుందని చెప్పేవాళ్లు సగమే చెబుతున్నారు. నాకు మూడోవారం ఏడుపు వచ్చింది. దేనికో తెలియదు. కాళ్లు గోడకు ఆనించి పడుకుని ఉన్నాను, కన్నీళ్లు కణతల మీదుగా జారి చెవుల్లోకి వెళుతున్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి లేవలేదు. పనిలో ఉన్నంతసేపూ దూరంగా నిలబడి ఉండే దిగుళ్లన్నీ, మనం కదలడం మానగానే ఒక్కొక్కటే వచ్చి పక్కన కూర్చుంటాయి. చనిపోయిన స్నేహితురాలికి రాయని ఉత్తరం, తమ్ముడితో అన్న ఒక మాట. చాలామంది పడుకోలేకపోవడానికి తీరిక లేకపోవడం అసలు కారణం కాదు, ఇదే కారణమని ఇప్పుడు అనిపిస్తోంది. టీచరుగారు దగ్గరికి వచ్చి ఏమైందని అడగలేదు. ఇంకో దుప్పటి తెచ్చి పాదాల మీద కప్పి, ఆ బరువు తెలిసేలా ఒక్కసారి చేత్తో నొక్కి వెళ్లారు. ఆ గదికి వచ్చే ఒకమ్మాయికి కళ్లు మూసుకుంటే భయం. ఆ అమ్మాయిని మూసుకోమని ఆవిడ ఎప్పుడూ బలవంతపెట్టలేదు. గోడవైపు తిరిగి, కళ్లు తెరుచుకునే పడుకునేది. నెలలు నిండుతున్నవాళ్లని వెల్లకిలా కాక ఎడమవైపుకి ఒత్తిగిలి పడుకోమంటారు. ఒక్కొక్కరి పడక ఒక్కోలా ఉంటుందని ఆవిడ పట్టుదల.

వైద్యులు దీన్ని వాళ్ల పద్ధతిలో చూశారు. బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో డాక్టర్ కె.కె. దాతే, ఆయన సహచరులు రక్తపోటు ఉన్న 47 మందికి శవాసనం నేర్పించి, ఫలితాలు 1969లో ప్రచురించారు. మందులు వాడనివాళ్లకి రక్తపోటు తగ్గింది, వాడేవాళ్లలో చాలామందికి మందు మోతాదు తగ్గించగలిగారు. శ్వాస వదిలేటప్పుడు గుండె వేగం కొంచెం తగ్గుతుంది, పీల్చేటప్పుడు పెరుగుతుంది. అందుకే వదిలే ఊపిరిని పొడుగు చెయ్యమంటారు. వీటన్నిటికంటే నన్ను ఎక్కువగా కదిలించిన సంగతి ఒకటుంది. పుట్టినప్పటినుంచీ క్షణం ఆగకుండా పనిచేస్తుందని మనం చెప్పుకునే గుండె నిజానికి ఆగి ఆగి పనిచేస్తుంది. నిమిషానికి 75 సార్లు కొట్టుకునే గుండె ఒక్కో చప్పుడుకి తీసుకునే సమయం 0.8 సెకను. అందులో ముడుచుకునేది దాదాపు 0.3, వదులుగా ఉండేది దాదాపు 0.5. పనికంటే విశ్రాంతి ఎక్కువ. ఒళ్లంతటికీ నెత్తురు పంపే ఆ గుండె, తన కండకి కావలసిన నెత్తురులో ఎక్కువభాగం అందుకునేది కూడా వదులుగా ఉన్న ఆ కాస్త సేపట్లోనే. అందరికీ వడ్డించి, అప్పుడు కూర్చుని తినే అమ్మలాగా. అయితే గుండె ప్రతి చప్పుడుకీ కూర్చుంటుంది. అమ్మలే కూర్చోరు.

పడుకోవడమంటే నిద్రేనా అని కొత్తగా వచ్చినవాళ్లు అడుగుతారు. నిద్ర వస్తే రానివ్వమంటారు టీచరుగారు, అదీ ఒంటికి అవసరమే అంటారు. అయినా ఇది నిద్ర కాదు. నిద్రలో మనం పళ్లు కొరుకుతాం, పిడికిళ్లు బిగిస్తాం. ఇక్కడ మెలకువగా ఉండి ఒక్కో బిగువునీ చూసి వదలాలి. ముంగేర్‌లో స్వామి సత్యానంద సరస్వతి రూపొందించిన యోగనిద్రలో కుడిచేతి బొటనవేలితో మొదలుపెట్టి ఒంట్లో ఒక్కో చోటునే తలుచుకుంటూ వెళతారు. పాతకాలపు న్యాసం నుంచి తీసుకున్నానని ఆయనే చెప్పారు. మా తాతయ్య పొద్దున్నే పీట మీద కూర్చుని అంగన్యాస కరన్యాసాలు చేసుకుంటూ బొటనవేలు, చూపుడువేలు, గుండె, తల తాకేవారు. ఆయనకి తొంభయ్యో ఏట కూడా ముఖంలో ఉన్న నెమ్మది ఎక్కడిదో నాకు అప్పుడు తెలియదు.

ఇదంతా రాస్తున్నది నాకోసమో మా అమ్మకోసమో మాత్రమే కాదు. చాలా ఏళ్ల కిందట ఒక కాలేజీలో పనిచేశాను. హాస్టలు పిల్లలు. అయిదింటికి లేపేవారు, రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్లు. మధ్యాహ్నం మొదటి పీరియడ్ నాది. ఒకమ్మాయి ముందు బెంచీలో కూర్చుని నోట్సు రాస్తూ ఉండేది. ఒకరోజు పక్కకి వెళ్లి చూస్తే రాస్తూనే నిద్రపోతోంది. పుస్తకంలో పై వరసలు ముత్యాల్లా ఉన్నాయి. నాలుగో వరసనుంచి అక్షరాలు మెల్లగా గీతవదిలి కిందికి వాలాయి. చివరి పదం కాగితం అంచు దాకా ఒక సన్నటి గీతలా జారిపోయింది. ఆ పేజీ నాకు మరుపుకి రాదు. ఆ రోజునుంచి నా పీరియడ్‌లో మొదటి పది నిమిషాలు అందరినీ బల్ల మీద తల వాల్చమన్నాను. ఒక్క నెల సాగింది. సిలబస్ వెనకబడుతుందని పైనుంచి మాట వచ్చింది, ఆపేశాను. అంతకంటే బాధపెట్టింది ఆ అమ్మాయి మాట. "తల వాలిస్తే భయమేస్తుంది మేడం. మిగతా సెక్షన్లవాళ్లు చదువుకుంటుంటారు కదా" అంది. పదహారేళ్ల పిల్ల. అప్పుడే ఆ పిల్ల చెయ్యి గాలిలో నిలబడిపోయి ఉంది. నేను అప్పుడు గట్టిగా మాట్లాడాల్సింది. మాట్లాడలేదు.

ఇంట్లో ఇప్పుడు నా సరంజామా చాలా తేలిక. కొనుక్కున్నది ఏమీ లేదు. అమ్మమ్మ కుట్టిన బొంత ఒకటి ఉంది. అయిదారు చీరలు ఒకదానిమీద ఒకటి పరిచి, బెత్తెడు బెత్తెడు దూరంలో దారం వేసినది. దాన్ని పొడుగ్గా మడిచి, బిగువుగా చుట్టి, రెండు చివరలా పాత చున్నీతో కడితే బోల్‌స్టర్ అనే గుండ్రటి దిండు పనికి సరిగ్గా సరిపోతుంది. చుట్టేటప్పుడు చేతికి ఒక్కో చీర తగులుతుంది. లోపలి పొరల్లో వంకాయరంగు నేత చీర ఉంది, అమ్మ పెళ్లినాటిదట. వేసవిలో నేల మీద చాప చాలు, బెజవాడ ఎండలకి గచ్చు చల్లదనం కూడా కలిసొస్తుంది. అయినా ఒక పల్చటి దుప్పటి దగ్గర పెట్టుకోవాలి. కదలకుండా పడుకున్న పది నిమిషాలకే ఒళ్లు చల్లబడుతుంది. చలేస్తే మళ్లీ బిగుసుకుంటాం. ఇరవై నిమిషాలైనా ఉండాలి. మొదటి పది నిమిషాలూ ఒళ్లు ఇంకా తోవలోనే ఉంటుంది.

పోయిన సంక్రాంతినుంచి అమ్మ నా దగ్గరే ఉంటోంది. ఎనభై ఒకటి. సాయంత్రానికి పాదాలు వాస్తున్నాయి. డాక్టరుగారిని అడిగి, ఆయన సరేనన్నాకే, ఒక మధ్యాహ్నం చాప పరిచి, మడత కుర్చీ తెచ్చి, మోకాళ్లదాకా కాళ్లు కుర్చీ మీద వచ్చేలా పడుకోబెడతానన్నాను. అమ్మ కొంగు బిగించుకుని నా వంక అనుమానంగా చూసింది.

"నాకేం జబ్బు చేసిందే?"

"ఏం చెయ్యలేదమ్మా. ఊరికే."

"పట్టపగలు, ఇలా కాళ్లు కుర్చీలో పెట్టుకునా? ఎవరైనా వస్తే?"

"తలుపు గడియ పెట్టాను."

పడుకుంది. అయిదు నిమిషాలు కూడా ఉండలేకపోయింది. పెరట్లో బట్టలు ఆరాయేమో చూడమంది. పాలు ఫ్రిజ్‌లో పెట్టానా అంది. తర్వాత కొంగు ముఖం మీదికి లాక్కుంది, లేచేసింది. మర్నాడు మళ్లీ. ఆ మర్నాడు మళ్లీ. నేను పక్కనే చాప వేసుకుని పడుకునేదాన్ని, గుమ్మం దగ్గర అమ్మమ్మ కూర్చున్నట్టు. పదిరోజులకి ఒకనాడు చూస్తే అమ్మ దవడ వదులైంది. నోరు కొంచెం తెరుచుకుంది. నుదుటి మీద, రెండు కనుబొమల మధ్య నా చిన్నప్పటినుంచీ ఉన్న నిలువుగీత పల్చబడి ఉంది. ఆ గీత లేకుండా అమ్మ ముఖం నేను ఎప్పుడూ చూడలేదు.

నిన్న మధ్యాహ్నం అలాగే ఇద్దరం పడుకుని ఉన్నాం. కిటికీలోంచి వేపచెట్టు నీడ అమ్మ చీర మీద కదులుతోంది. వంటింట్లో కుక్కర్ కూత వేసింది. ఇన్నాళ్లూ ఏ మూలనున్నా మొదటి కూతకే లేచి స్టవ్ దగ్గరికి పరిగెత్తిన మనిషి. నేను ఊపిరి బిగబట్టి అటే చూస్తున్నాను.

"అది రెండోదా?" అంది, కళ్లు తెరవలేదు.

"మూడోదమ్మా."

"అయితే నువ్వెళ్లి కట్టెయ్" అని, చేతులు రెండూ చాప మీద ఇంకాస్త పక్కకి వదిలేసింది.